డీ అండ్ డీ కొత్త క్యారెక్టర్ రూల్స్: లొల్లి అంతా బ్యాక్‌గ్రౌండ్ కాడనే!

నమస్తే అందరికి. నల్లగొండ నుంచి పాలమూరు దాకా డంజన్స్ అండ్ డ్రాగన్స్ (డీ అండ్ డీ), అంటే తలా ఒక క్యారెక్టర్‌ను పట్టుకొని పాచికలేసుకుంట నడిపే కథల ఆట, ఆడేటోళ్ళు నలుగురు ఒక్క కాడ కూసున్నరంటే ఇప్పుడు ఒకటే పంచాయితీ. కొత్త పుస్తకంల క్యారెక్టర్ తయారు చేసే పద్ధతి మారింది కదా, అది బాగైందా, ఖరాబైందా? ఈ వీడియోల గదే తేల్చుదాం. పుస్తకం 2024 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్, 384 పేజీలు. స్పెల్స్ అంటే మంత్రాలు, క్లాసులంటే ఫైటర్, విజార్డ్ అసొంటి వృత్తులు, వాటి జోలికి ఎక్కువ పోను. అవి మొదలు పెడితే తెల్లారుతది.

పాత పద్ధతి జర యాది చేసుకుందాం. ప్రతి క్యారెక్టర్‌కు ఆరు ఎబిలిటీ నంబర్లుంటయి: స్ట్రెంగ్త్ అంటే బలం, డెక్స్టెరిటీ చురుకుదనం, కాన్స్టిట్యూషన్ ఒంటి ఒడ్డు, ఇంటెలిజెన్స్ తెలివి, విజ్డమ్ వివేకం, కరిస్మా మందిని మెప్పించే గుణం. 2014 పుస్తకంల ముందుగాల జాతి, అంటే డ్వార్ఫ్, ఎల్ఫ్, గ్నోమ్ అసొంటిది, ఎంచుకునేది. మౌంటెన్ డ్వార్ఫ్ అయితే స్ట్రెంగ్త్‌కు రెండు, కాన్స్టిట్యూషన్‌కు రెండు కలుస్తయి. హాఫ్ ఎల్ఫ్ అయితే కరిస్మాకు రెండు, మీకు నచ్చిన ఇంకో రెండిటికి ఒక్కోటి. ఇగ ఇంటెలిజెన్స్‌తోటి మంత్రాలేసే విజార్డ్ చెయ్యాలంటే అందరు గ్నోమ్ దిక్కో, హై ఎల్ఫ్ దిక్కో ఉరికేటోళ్ళు. 2020ల టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ వచ్చినంక ఆ పాయింట్లు ఏడ పెట్టుకుంటరో మీ ఇష్టం అన్నరు. అందరికి అదే అలవాటైంది. 2022 ఆగస్టుల కొత్త రూల్స్‌ను పరీక్షకు ఇడిచినప్పుడు ఇంకో అడుగు ముందుకేసిన్రు: బ్యాక్‌గ్రౌండ్, అంటే ఆట మొదలుగాక ముందు మీ క్యారెక్టర్ చేసిన పని, మీరే తయారు చేసుకోన్రి, పాయింట్లు ఏ ఎబిలిటీకైనా పెట్టుకోన్రి. అందుల రాసిచ్చిన బ్యాక్‌గ్రౌండ్లు ఉత్త నమూనాలే.

తీరా 2024 సెప్టెంబర్‌ల అచ్చు పుస్తకం తెరిస్తే 16 బ్యాక్‌గ్రౌండ్లు, ఒక్కోదాని కింద మూడు ఎబిలిటీలు. ఆ మూడిట్ల ఒకదానికి రెండు, ఇంకోదానికి ఒకటి కలపాలె. లేకుంటే మూడిటికి ఒక్కోటి. ఆ మూడు దాటి పోవద్దు. ఏది కలిపినా 20 మించద్దు. సొంతంగ తయారు చేసుకునే రూలు ఈ పుస్తకంల లేదు. "ముందు పుట్టుకను పట్టి కట్టేసిన్రు, ఇప్పుడు చేసిన పనిని పట్టి కట్టేస్తున్నరు, రైతు బిడ్డ విజార్డ్ కావద్దా?" అని మనోళ్ళు గరమైతున్నది ఇందుకే. మాట సూటిగనే ఉన్నది. కానీ ఎంత నష్టమో లెక్క చూసినంకనే కోపం ఎంత పడాల్నో తెలుస్తది.

లెక్కకు ముందు వరుస చెప్త. కొత్త పుస్తకం ప్రకారం మొదాలు క్లాస్. తర్వాత బ్యాక్‌గ్రౌండ్, స్పీషీస్ (పాత జాతికి కొత్త పేరు), భాషలు. తర్వాత ఎబిలిటీ నంబర్లు. తర్వాత అలైన్‌మెంట్ (మంచోడా, చెడ్డోడా), ఆఖరికి హిట్ పాయింట్లు (ఎంత దెబ్బ తట్టుకుంటడో), ఆర్మర్ క్లాస్ (తగిలేటట్టు కొట్టుడు ఎంత కష్టమో) అసొంటి మిగిలిన లెక్కలు. క్లాస్ ముందుకు రావుడు నాకైతే మస్తు నచ్చింది. కొత్తగ వచ్చినోడిని "నువ్వు ఏం చేస్తవ్? కొడతవా, మంత్రం ఏస్తవా, దొంగతనం చేస్తవా?" అని అడిగితే టక్కున చెప్తడు. "టీఫ్లింగ్ కావాల్నా, డ్రాగన్‌బోర్న్ కావాల్నా?" అంటే మొకం చూస్తడు.

నంబర్లకు మూడు తొవ్వలు, పాతవే. రాసిచ్చిన వరుస 15, 14, 13, 12, 10, 8. లేదంటే 27 పాయింట్లతోటి కొనుక్కునుడు. అదీ కాదంటే నాలుగు ఆరుముఖాల పాచికలేసి తక్కువది తీసేసి మూడు కలుపుడు, గట్ల ఆరు సార్లు. దీనికి ఇంట్లున్న లూడో పాచికలు చాలు. పాచికలేస్తే సగటున ఒక్కో నంబరు 12.24 వస్తది, రాసిచ్చిన వరుసల సగటు సరిగ్గ 12. అంటే లాభం పెద్దగ లేదు. ఒకడికి 18, పక్కోడికి 9 పడ్డప్పుడు ఆర్నెల్ల దాకా నడిచే ఏడుపు మాత్రం ఉంటది. అందుకే నేను 27 పాయింట్ల తోనే చెప్త. ఎనిమిది ఉత్తగనే వస్తది. 9కి ఒకటి, 10కి రెండు, 11కి మూడు, 12కి నాలుగు, 13కి ఐదు. ఆడికెళ్ళి ధర పెరుగుతది, 14కి ఏడు, 15కి తొమ్మిది.

ఇప్పుడు రైతును చూద్దాం. ఫార్మర్ బ్యాక్‌గ్రౌండ్‌ల స్ట్రెంగ్త్, కాన్స్టిట్యూషన్, విజ్డమ్ ఉన్నయి. ఆరిజిన్ ఫీట్, అంటే బ్యాక్‌గ్రౌండ్ తోటి వచ్చే ప్రత్యేక గుణం, టఫ్. స్కిల్స్ పశువులను మలుపుకునే ఎనిమల్ హ్యాండ్లింగ్, ఇంకోటి నేచర్. వడ్రంగి పనిముట్లల్ల నైపుణ్యం. సామాన్లల్ల ఆ పనిముట్లు, కొడవలి, పార, ఇనుప కుండ, హీలర్స్ కిట్, బట్టలు, పైకెళ్ళి 30 బంగారు నాణేలు. ఈ కొడవలిని చూసి నవ్వకున్రి. కొత్త రూల్స్‌ల దానికి నిక్ అనే మాస్టరీ, అంటే ఆయుధానికుండే ప్రత్యేక విద్య, ఉన్నది. రెండు చేతుల్ల రెండు తేలిక ఆయుధాలు పట్టుకున్నప్పుడు రెండో దెబ్బ బోనస్ యాక్షన్ (వంతుకు ఒక్కటే దొరికే చిన్న అదనపు పని) ఖర్చు కాకుండ పడ్తది. అయితే మాస్టరీ నేర్చిన క్లాసుకే ఆ లాభం. ఫైటర్‌కు ఉన్నది, విజార్డ్‌కు లేదు.

ఈ రైతును ఫైటర్ చేస్తే బంగారమే. 27 పాయింట్లను గిట్ల పంచున్రి: స్ట్రెంగ్త్ 15, డెక్స్టెరిటీ 14, కాన్స్టిట్యూషన్ 13, విజ్డమ్ 11, కరిస్మా 10, ఇంటెలిజెన్స్ 9. కూడితే తొమ్మిది, ఏడు, ఐదు, మూడు, రెండు, ఒకటి, సరిగ్గ 27. ఇప్పుడు మూడిటికి ఒక్కోటి కలుపున్రి. 15 పోయి 16, 13 పోయి 14, 11 పోయి 12. మాడిఫయర్, అంటే ఎబిలిటీని పట్టి పాచిక మీద కలిపే అంకె, సరి సంఖ్య కాడనే పెరుగుతది కాబట్టి ఒక్క దెబ్బకు మూడు మాడిఫయర్లు లేసినయి. అదే రెండూ ఒకటీ లెక్కన పెడితే స్ట్రెంగ్త్ 17, కాన్స్టిట్యూషన్ 14 అయితయి, రెండే మాడిఫయర్లు లేస్తయి. మరి 17 దండుగనా? కాదు. నాలుగో లెవెల్‌ల తీసుకునే ఫీట్లు దాదాపు అన్నీ ఒక పాయింట్ ఇస్తయి, 17 పోయి 18 అయితది. మూడో లెవెల్ దాకనే ఆడి ఆపేసే ఆటైతే మూడిటికి ఒక్కోటి, దూరం పోయే ఆటైతే రెండూ ఒకటీ. దీన్ని పట్టించుకోకుండ అందరు కండ్లు మూసుకొని 17 పెట్టేస్తున్నరు.

టఫ్ ఫీట్ లెవెల్‌కు రెండు హిట్ పాయింట్లు ఇస్తది. మన రైతు ఫైటర్‌కు మొదటి లెవెల్‌ల 10, కాన్స్టిట్యూషన్‌కు 2, టఫ్‌కు 2, మొత్తం 14. ఐదో లెవెల్‌కు స్థిర లెక్కన తీసుకుంటే 54. టఫ్ లేకుంటే 44.

ఇగ అదే రైతు విజార్డ్ అయితే? ఇంటెలిజెన్స్ ఆ మూడిట్ల లేదు. ఎంత పెట్టినా 15, మాడిఫయర్ రెండు. స్పెల్ సేవ్ డీసీ, అంటే మంత్రం తప్పించుకునేందుకు ఎదుటోడు పాచిక మీద తేవాల్సిన నంబరు, 12. సేజ్ (పండితుడు) బ్యాక్‌గ్రౌండ్ తీసుకున్నోడికి ఇంటెలిజెన్స్ 17, మాడిఫయర్ మూడు, డీసీ 13. తేడా ఒక్కటి. ఇరవై ముఖాల పాచిక మీద ఒకటి అంటే నూటికి ఐదు. ఇరవై మంత్రాలేస్తే ఒకటి ఎక్కువ తప్పుతది, గంతే. "గింతేనా, దీనికోసమా ఇంత లొల్లి?" అనేటోళ్ళు ఇక్కడ్నే ఆగుతరు. ఆగద్దు, ముందుకు పోన్రి. నాలుగో లెవెల్‌ల ఎబిలిటీకి రెండు పాయింట్లు పెంచే ఫీట్ తీసుకుంటే రైతు విజార్డ్ 17 అయితడు, సేజ్ 19 దాకా పోతడు. ఎనిమిదిల రైతు 19, సేజ్ 20. అప్పటికి గూడ ఒక మాడిఫయర్ ఎనక. పన్నెండో లెవెల్‌ల గానీ కలువడు. మన దిక్కు ఆటలు పన్నెండో లెవెల్ దాకా ఎన్ని పోతయో మీకే తెలుసు. అంటే మొదటి రోజు ఎంచుకున్న బ్యాక్‌గ్రౌండ్ ఆట మొత్తం ఎంబడి వస్తది.

అట్లని రైతు విజార్డ్‌కు ఏం దక్కలేదని కాదు. కాన్స్టిట్యూషన్ 14కు రెండు కలిపి 16, టఫ్ తోటి మొదటి లెవెల్‌ల 11 హిట్ పాయింట్లు. సేజ్‌కు 8. గోబ్లిన్ ఒక్క బాణం ఏస్తే కింద పడే విజార్డ్‌లను చూసినోళ్ళకు ఈ మూడు పాయింట్ల ఇలువ తెలుస్తది. పాత పుస్తకంల ఈ బేరం లేకుండె. ఈ ముచ్చట కోపంల ఎవ్వరు చెప్తలేరు.

అసలైన దెబ్బ పడ్డది పాలడిన్ అనే భక్త యోధుడి క్లాస్‌కు. పాలడిన్‌కు కావాల్సినవి స్ట్రెంగ్త్, కరిస్మా, కాన్స్టిట్యూషన్. పదహారు బ్యాక్‌గ్రౌండ్లు తిరగేయున్రి. స్ట్రెంగ్త్, కరిస్మా రెండు ఒక్క కాడ ఉన్నయి రెండే: నోబుల్, ఎంటర్‌టైనర్. అంటే దొర కొడుకన్నా కావాలె, ఆటపాటల కళాకారుడన్నా కావాలె. గుడి కాడ పెరిగి దేవుని మీద ఒట్టు పెట్టుకున్న పాలడిన్ చేద్దామని ఎకోలైట్ తీసుకుంటే ఇంటెలిజెన్స్, విజ్డమ్, కరిస్మా వస్తయి, కత్తి పట్టే చెయ్యికి సున్నా. కొట్లాటల్ల మునిగి తేలిన సోల్జర్ తీసుకుంటే కరిస్మాకు సున్నా. పాలడిన్ అంటేనే సగం సిపాయి, సగం భక్తుడు. ఆ రెండు తొవ్వలూ మూసిపెట్టిన్రు.

ఇది ఎట్లయిందో లెక్క ఏస్తే సమజైతది. ఆరు ఎబిలిటీలల్ల మూడేసి తీస్తే 20 జట్లు అయితయి. పుస్తకంల 16 బ్యాక్‌గ్రౌండ్లు, ఒక్క జట్టు గూడ రెండు సార్లు రాలే. మిగిలిన నాలుగు జట్లు ఏ బ్యాక్‌గ్రౌండ్‌కూ దక్కలే. అవేందంటే స్ట్రెంగ్త్, కాన్స్టిట్యూషన్, కరిస్మా ఒకటి. స్ట్రెంగ్త్, కాన్స్టిట్యూషన్, ఇంటెలిజెన్స్ ఒకటి. స్ట్రెంగ్త్, విజ్డమ్, కరిస్మా ఇంకోటి. డెక్స్టెరిటీ, ఇంటెలిజెన్స్, కరిస్మా ఆఖరిది. చూసిన్రా, పాలడిన్‌కు పక్కా సరిపోయే జట్టే ఆ నాలుగిట్ల పడ్డది. నాలుగిట్ల మూడు స్ట్రెంగ్త్ ఉన్నయే. డెక్స్టెరిటీ తొమ్మిదింట్ల ఉంటే స్ట్రెంగ్త్ ఏడింట్లనే ఉన్నది. కత్తి తిప్పేటోళ్ళ కోపం ఉత్తగ రాలే.

ఎబిలిటీ కన్నా నాకు ఎక్కువ గుచ్చుకునేది ఫీట్. బ్యాక్‌గ్రౌండ్ తోటి ఒక ఆరిజిన్ ఫీట్ వస్తది, మార్చుకునుడు లేదు. పుస్తకంల పది ఆరిజిన్ ఫీట్లున్నయి, పదీ సమానం కావు. క్రిమినల్, గార్డ్‌లకు వచ్చే అలర్ట్ మొదటి లెవెల్ నుంచి ఆఖరి దాకా పని చేస్తది. ఇనిషియేటివ్‌కు, అంటే కొట్లాటల ఎవరి వంతు ముందో తేల్చే పాచికకు, ప్రొఫిషియెన్సీ బోనస్ (లెవెల్‌తోటి పెరిగే అంకె) కలుస్తది, పైకెళ్ళి మీ వంతును దోస్తు వంతుతోటి మార్చుకోవచ్చు. సేజ్, ఎకోలైట్, గైడ్‌లకు వచ్చే మ్యాజిక్ ఇనీషియేట్ రెండు క్యాంట్రిప్‌లు (ఎన్నిసార్లైనా ఏసుకునే చిన్న మంత్రాలు), ఒక మొదటి లెవెల్ స్పెల్ ఇస్తది. మరి ఆర్టిసాన్‌కు వచ్చే క్రాఫ్టర్? మూడు పనిముట్ల నైపుణ్యం, మంత్రం లేని సామాన్ల ధరల నూటికి 20 తగ్గింపు. సంత చేసే ఆటల పనికొస్తది, గుహల ఏం పనికొస్తది? పోచంపల్లి నేతగాడిని మనసుపడి తయారు చేసుకుంటే చేతికి తగ్గింపు కూపన్ ఇచ్చినట్టున్నది.

మ్యాజిక్ ఇనీషియేట్ ఇచ్చే మూడు బ్యాక్‌గ్రౌండ్లల్ల ఒక్కదాంట్ల గూడ స్ట్రెంగ్త్ లేదు, గమనించున్రి. మొదటి లెవెల్‌లనే ఈ ఫీట్ తోటి షీల్డ్ అనే కాపాడే మంత్రం చేతుల పెట్టుకొని, స్ట్రెంగ్త్‌కు గూడ పాయింట్ పడ్డ కత్తి ఫైటర్ కావాలంటే కొత్త బ్యాక్‌గ్రౌండ్లల్ల దారి ఒక్కటే, స్పీషీస్‌ల హ్యూమన్ తీసుకునుడు. హ్యూమన్‌కు నచ్చిన ఆరిజిన్ ఫీట్ ఇంకోటి వస్తది, అదనంగ ఒక స్కిల్, రోజూ పండుకొని లేస్తే హీరోయిక్ ఇన్‌స్పిరేషన్, అంటే ఒక పాచికను మళ్ళ ఏసుకునే అవకాశం. అందుకే ఇప్పుడు టేబుల్ మీద ఐదుగురు కూసుంటే ముగ్గురు మనుషులే. పది స్పీషీస్ పెట్టింది ఎందుకో మరి.

స్పీషీస్ గురించి తొందరగ చెప్పి పోత. గోలియత్, ఆర్క్, ఆసిమార్ లోపలికొచ్చినయి. హాఫ్ ఎల్ఫ్, హాఫ్ ఆర్క్ పోయినయి. హాఫ్ ఎల్ఫ్ పోయినందుకు బాధపడేటోళ్ళు మస్తుగున్నరు. కానీ పాత పుస్తకంలది తెచ్చి వాడుకోవచ్చు, ఒక్కటే షరతు: దాని ఎబిలిటీ పాయింట్లు లెక్కల పట్టొద్దు. సబ్‌క్లాస్, అంటే క్లాస్ లోపలి శాఖ, అందరికి మూడో లెవెల్‌లనే. ఏదన్న పెద్ద శక్తితోటి ఒప్పందం చేసుకొని మంత్రాలు తెచ్చుకునే వార్లాక్, మొదటి రోజు ఎవరితోటి ఒప్పందం చేసుకున్నడో తెల్వకుండనే మంత్రాలేస్తడు. కథ రాసేటోళ్ళకు ఇది గొంతుల ముల్లు లెక్క, కొత్తోళ్ళకు మాత్రం బరువు తగ్గింది. నేనైతే కొత్తోళ్ళ దిక్కే.

ఇప్పుడు క్యారెక్టర్ వివరాలు రాసుకునే షీట్ల మీద ఎక్కువ కనపడే తప్పులు. అన్నిటికన్న పెద్దది, పాత జాతి పాయింట్లు, కొత్త బ్యాక్‌గ్రౌండ్ పాయింట్లు రెండూ కలుపుడు. ఎవడన్నా మొదటి లెవెల్‌ల 19 స్ట్రెంగ్త్ తోటి వస్తే పాయింట్లు కొన్నడా, పాచికలేసిండా అడుగున్రి. కొన్నోడికి 17 మించదు. ఆ రెండు పాయింట్లు పాత డ్వార్ఫ్ అసొంటి జాతి కాడికెళ్ళే వచ్చినయి. పాత పుస్తకంల బ్యాక్‌గ్రౌండ్ తెచ్చుకుంటే ఉల్టా తప్పు జరుగుతది. దాంట్ల పాయింట్లు ఉండవు, ఫీట్ ఉండదు, మనోళ్ళు అట్లనే ఇడిచిపెడుతున్నరు. దానికి రెండూ ఒకటీ, లేకుంటే మూడు ఒకట్లు నచ్చిన కాడ పెట్టుకోవచ్చు, నచ్చిన ఆరిజిన్ ఫీట్ తీసుకోవచ్చు. అవును, సరిగ్గనే విన్నరు. పాత బ్యాక్‌గ్రౌండ్‌కు కొత్తదానికన్న ఎక్కువ స్వేచ్ఛ ఉన్నది. ఈ సందును పట్టుకొని కొందరు షీట్ మీద పాత ఫోక్ హీరో అని రాసుకొని పని కానిచ్చేస్తున్నరు. రూలు ప్రకారం తప్పు లేదు, కొత్త పుస్తకం కొన్నోడికి మాత్రం కడుపుల మండుతది.

హ్యూమన్ తీసుకొని రెండో ఫీట్ మర్చిపోయేటోళ్ళున్నరు. ఉన్న ఫీట్‌నే మళ్ళ తీసుకునేటోళ్ళున్నరు. ఆరిజిన్ ఫీట్లల్ల రెండోసారి తీసుకోనిచ్చేవి మ్యాజిక్ ఇనీషియేట్, స్కిల్డ్ మాత్రమే. స్కిల్స్ కాడ గూడ ముందుగాల బ్యాక్‌గ్రౌండ్ ఇచ్చిన రెండు రాసుకోన్రి, తర్వాత క్లాస్ లిస్టుల మిగిలినవి ఎంచుకోన్రి. ఉల్టా చేస్తే ఒకటే స్కిల్ రెండు సార్లు పడి ఒకటి మునుగుతది.

మరి మందు ఏంది? మందు పుస్తకంల లేదు గానీ పక్క పుస్తకంల ఉన్నది. 2024 నవంబర్‌ల వచ్చిన డంజన్ మాస్టర్స్ గైడ్‌ల బ్యాక్‌గ్రౌండ్ తయారు చేసే పద్ధతి డీఎం, అంటే ఆట నడిపే డంజన్ మాస్టర్, చేతికిచ్చిన్రు. మూడు ఎబిలిటీలు, ఒక ఆరిజిన్ ఫీట్, రెండు స్కిల్స్, ఒక పనిముట్టు, 50 బంగారు నాణేల ఇలువైన సామాన్లు. ఫార్మర్ సామాన్లు కూడి చూడున్రి, 20 నాణేల సామాన్లు, 30 నగదు, అదే 50. లెక్క తప్పలే.

ఒకటి చేసి చూపిస్త. పాలమూరు మేస్త్రి. ఊర్ల మందిని కూడగట్టుకొని ప్రాజెక్టుల కాడికి మట్టి పనికి తీస్కపోయేటోడు. గడ్డపార ఎత్తే బలం ఉంటది, ఎండల నిలబడే ఒడ్డు ఉంటది, కూలి కాడ కాంట్రాక్టర్‌తోటి మాట్లాడే నోరుంటది. స్ట్రెంగ్త్, కాన్స్టిట్యూషన్, కరిస్మా. పుస్తకం ఇడిచిపెట్టిన జట్టు అదే. ఫీట్ టఫ్. స్కిల్స్ ఎథ్లెటిక్స్, పర్సుయేషన్. పనిముట్లు మేసన్స్ టూల్స్, 10 నాణేలు. పార 2, ఇనుప కుండ 2, బట్టలు 2, తాడు 1, పడక 1. మొత్తం 18. మిగిలిన 32 నగదు.

ఈయన్ను పాలడిన్ చేద్దాం. స్ట్రెంగ్త్ 15, కరిస్మా 15, కాన్స్టిట్యూషన్ 13, డెక్స్టెరిటీ 10, విజ్డమ్ 10, ఇంటెలిజెన్స్ 8. పాయింట్లు 27. మూడిటికి ఒక్కోటి కలిపితే 16, 16, 14. మొదటి లెవెల్‌ల హిట్ పాయింట్లు 14. ఇవే నంబర్లకు నోబుల్ పెడితే స్ట్రెంగ్త్ 17, కరిస్మా 16 అయితయి గానీ కాన్స్టిట్యూషన్ 13 కాడనే ఉంటది, హిట్ పాయింట్లు 11. మేస్త్రి ఏం రూలు మీరలే, ఎవరికన్న ఎక్కువ బలం గూడ రాలే. అతికినట్టు కూసున్నడు, గంతే.

డీఎంలు ఒక్క కాడ గట్టిగుండాలె. మూడు ఎబిలిటీలు ప్లేయర్ చెప్పొచ్చు, ఫీట్ గూడ చెప్పొచ్చు, కానీ ఆ మనిషి ఏం పని చేసేటోడో ముందుగాల చెప్పాలె. "అలర్ట్ కావాలె, డెక్స్టెరిటీ కావాలె, పని ఏదైతేంది" అనేటోడికి క్రిమినల్ ఉండనే ఉన్నది, పుస్తకం తెరిచి ఇయ్యున్రి. ఇంకోటి, టేబుల్ మీద ఒక్కరికి సొంతది ఇస్తే అందరికి ఇయ్యాలె. మొదటి రోజే చెప్పాలె. మూడు సెషన్లు అయినంక మధ్యల ఇస్తే, ముందుగాల నోబుల్ తీసుకొని అడ్జస్ట్ అయినోడు ఊకోడు, ఊకోవద్దు గూడ.

పుస్తకం కొనకుండ చూద్దామనుకునేటోళ్ళకు ఈ రూల్స్‌ల కొంత భాగం ఉన్న సిస్టమ్ రిఫరెన్స్ డాక్యుమెంట్ 5.2 ఉత్తగ దొరుకుతది. 2025 ఏప్రిల్‌ల క్రియేటివ్ కామన్స్ లైసెన్స్ కింద ఇడిచిన్రు. పన్నెండు క్లాసులూ ఉన్నయి, క్లాస్‌కు ఒక్కటే సబ్‌క్లాస్. స్పీషీస్ తొమ్మిది, ఆసిమార్ లేదు. బ్యాక్‌గ్రౌండ్లు నాలుగే: ఎకోలైట్, క్రిమినల్, సేజ్, సోల్జర్. ఆరిజిన్ ఫీట్లు అలర్ట్, మ్యాజిక్ ఇనీషియేట్, సావేజ్ ఎటాకర్, స్కిల్డ్. టఫ్ లేదు కాబట్టి మన మేస్త్రికి సావేజ్ ఎటాకర్ పెట్టుకోన్రి, హిట్ పాయింట్లు 12 అయితయి. మొత్తం పీడీఎఫ్ జిరాక్స్ తీయించకున్రి, పైసలు దండుగ. క్యారెక్టర్ తయారీ పేజీలు, మీ క్లాస్ పేజీలు చాలు. షీట్ మీద ఎబిలిటీ నంబర్లు పెన్సిల్‌తోటి రాయున్రి, పక్కన బ్యాక్‌గ్రౌండ్ ఇచ్చిన పాయింట్‌ను వేరేగ రాయున్రి, 15 ప్లస్ 1 అని. రేపు డీఎం అడిగినప్పుడు ఏ పాయింట్ ఏడికెళ్ళి వచ్చిందో చూపెట్టొచ్చు.